మక్కకు నీళ్ళెప్పుడు? మందెప్పుడు?

మొక్కజొన్న మన పల్లెలకు బాగా తెలిసిన పంట. కరీంనగర్, వరంగల్, నిజామాబాద్, మెదక్ వైపు దీన్ని మక్కజొన్న అంటారు. మక్కలు అని కూడా అంటారు. వానాకాలంలో వాన మీద వేస్తారు. యాసంగిలో బావి కింద, బోరు కింద వేస్తారు. గుంటూరు, కృష్ణా జిల్లాల్లో అయితే వరి కోసిన మడిలోనే, దున్నకుండా, మొక్కజొన్న విత్తుతారు.

మక్క చేనులో ఆడవాళ్ళ కష్టం ఎక్కువ. గింజ పెట్టేది ఆడవాళ్ళు. కలుపు తీసేది ఆడవాళ్ళు. సాళ్ళ వెంట యూరియా వేసేది ఆడవాళ్ళు. కంకి విరిచేది, ఎండబోసేది కూడా వాళ్ళే. కానీ ఎన్ని బస్తాలు తేవాలి, ఎప్పుడు వేయాలి, నీళ్ళు ఎప్పుడు పెట్టాలి అనే మాట వచ్చినప్పుడు చాలా ఇళ్ళల్లో వాళ్ళను అడగరు.

చదువు వచ్చిన చేతికి ఇప్పుడు మూడు పనులు వచ్చు. బస్తా మీద రాసింది చదవవచ్చు. విత్తిన తేదీ రాసుకోవచ్చు. చిన్న లెక్క వేయవచ్చు. ఈ మూడూ వస్తే చేను గురించి మాట చెప్పవచ్చు. అప్పు తెచ్చి కొన్న మందు వృథా కాకుండా చూసుకోవచ్చు.

ఇద్దరు తోటికోడళ్ళు

ఒక ఊళ్ళో ఇద్దరు తోటికోడళ్ళు ఉన్నారనుకోండి. వాళ్ళకు ఎకరం పొలం ఉంది. చెరి అర ఎకరం పంచుకున్నారు. నడుమ ఒక గట్టు. బోరు మాత్రం ఇద్దరికీ ఒక్కటే. యాసంగిలో ఇద్దరూ మక్క వేశారు. ఒకే దుకాణంలో విత్తనం తెచ్చారు. ఒకే రోజు విత్తారు. యూరియా కూడా సరిసమానంగా తెచ్చుకున్నారు.

పెద్దకోడలు యూరియాను మూడు వాటాలు చేసింది. మూడుసార్లు వేసింది. చిన్నకోడలి ఇంట్లో మొత్తం ఒకేసారి వేసేశారు. "మాటిమాటికి కూలి ఎందుకు దండగ" అనుకున్నారు.

మొదట్లో చిన్నకోడలి చేను ముదురు పచ్చగా కనిపించింది. చూసిన వాళ్ళు మెచ్చుకున్నారు. తర్వాత అడుగు ఆకులు పసుపుపచ్చ తిరిగాయి. ఎవరూ వంగి చూడలేదు. జల్లు తీసే వేళకు వాళ్ళ చుట్టాలింట్లో పెళ్ళి వచ్చింది. వారం రోజులు చేనుకు నీళ్ళు పెట్టలేదు. "దూరం నుంచి పచ్చగానే ఉంది గదా" అనుకున్నారు.

కంకులు విరిచిన రోజు ఇద్దరూ గట్టు మీద కూర్చుని ఒలిచి చూశారు. పెద్దకోడలి కంకి కొన దాకా నిండి ఉంది. చిన్నకోడలి కంకికి అక్కడొక గింజ, ఇక్కడొక గింజ. కొన అంతా బోడి.

"అక్కా, విత్తనం ఒక్కటే. యూరియా ఒక్కటే. నా కంకి పండ్లూడిన నోరు లెక్క ఎందుకున్నది?" అని అడిగింది చిన్నకోడలు.

"నువ్వు కొలత చూసినవ్ చెల్లె. వేళ చూడలేదు" అన్నది పెద్దకోడలు.

ఆ వేళ ఏమిటి? నీళ్ళకూ యూరియాకూ ఉన్న సంబంధం ఏమిటి? వివరంగా చూద్దాం.

నత్రజని ఏం చేస్తుంది?

యూరియాలో ఉండే ఆహారం పేరు నత్రజని. ఆకుకు పచ్చదనం ఇచ్చేది నత్రజని. పచ్చని ఆకు ఎండ తగిలినప్పుడు పిండిపదార్థం తయారు చేస్తుంది. ఆ పిండే చివరకు గింజలో నిండుతుంది. ఆకు పచ్చగా లేకపోతే గింజకు పిండి లేదు.

మనం పీల్చే గాలిలో నూటికి 78 వంతులు నత్రజనే. కానీ మక్క మొక్క దాన్ని గాలి నుంచి తీసుకోలేదు. వేరు ద్వారానే తీసుకోవాలి. కంది, పెసర, శనగ వంటి పంటల సంగతి వేరు. వాటి వేళ్ళకు చిన్న బుడిపెలు ఉంటాయి. ఆ బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తాయి. అందుకే పప్పుజాతి పంట తీసిన చేనులో మక్క వేస్తే మేలు.

యూరియాను కర్మాగారంలో గాలిలోని నత్రజనితోనే తయారు చేస్తారు. మన రామగుండంలో అలాంటి కర్మాగారం ఉండేది. అది 1999లో మూతపడింది. అక్కడే కట్టిన కొత్త కర్మాగారం 2021లో యూరియా తయారీ మొదలుపెట్టింది.

నత్రజని చాలకపోతే మక్క చెబుతుంది. ముందుగా అడుగు ఆకులు పసుపు తిరుగుతాయి. ఆకు కొనలో మొదలై నడి ఈనె వెంట లోపలికి పసుపు పాకుతుంది. అడుగు ఆకే ఎందుకు? తిండి చాలనప్పుడు తల్లి తన కంచంలోది పిల్లలకు పెడుతుంది. మొక్క కూడా అంతే. ముసలి ఆకులోని నత్రజనిని తీసి లేత ఆకుకు పంపుతుంది. అందుకే చేను దూరం నుంచి పచ్చగా కనిపించినా, లోపలికి పోయి వంగి అడుగు ఆకు చూడాలి.

నీళ్ళు ఏం చేస్తాయి?

నీళ్ళు మొక్క దాహం తీరుస్తాయి. ఇంకో పని కూడా చేస్తాయి. యూరియా నీళ్ళలో కరగాలి. కరిగి నేలలో మారాలి. అప్పుడే వేరు దాన్ని పీల్చుకుంటుంది. పొడి నేలలో వేసిన యూరియా వేరుకు అందదు. మూతపెట్టిన కుండలో అన్నం ఉన్నా ఆకలి తీరదు గదా. ఇదీ అంతే.

మరి నీళ్ళు ఎన్ని పెడితే అంత మంచిదా? కాదు. మక్క వరి వంటిది కాదు. నీళ్ళు నిలిస్తే మక్కకు పడదు. వేరుకు కూడా గాలి కావాలి. ముఖ్యంగా విత్తిన మొదటి నెలలో మొక్క చాలా సున్నితంగా ఉంటుంది. ఒకటి రెండు రోజులు నీళ్ళు నిలిచినా దెబ్బతింటుంది. ఆకులు పసుపు తిరుగుతాయి. ఇది చూసి కొందరు "యూరియా చాల్లేదు" అని నీళ్ళలోనే యూరియా చల్లుతారు. అది డబ్బు నీళ్ళలో పోయడమే. ముందు కాలువ తీసి నీళ్ళు బయటికి పంపాలి. నేల ఆరాక, పదును చూసి మందు వేయాలి. అందుకే మక్కను బోదెల మీద విత్తడం మంచిది. పక్కన కాలువలో నీళ్ళు పారతాయి. వేరుకు తడి అందుతుంది. మొక్క మొదలు మునగదు.

పీచు పోగు ఒకటి, గింజ ఒకటి

మక్క మొక్క తల మీద వచ్చేది జల్లు. అది మగ పువ్వు. అందులోంచి పుప్పొడి రాలుతుంది. మొక్క నడుమ వచ్చే కంకి ఆడ పువ్వు. కంకి కొనకు పట్టుకుచ్చులా పీచు వేలాడుతుంది.

ఈసారి లేత కంకి ఒకటి జాగ్రత్తగా ఒలిచి చూడండి. ఒక్కో పీచు పోగు ఒక్కో గింజ దగ్గర మొదలవుతుంది. ఎన్ని గింజలో అన్ని పోగులు. పుప్పొడి రేణువు ఆ పోగు మీద పడాలి. పోగు వెంట లోపలికి దిగాలి. అప్పుడే ఆ గింజ కడుతుంది. పుప్పొడి అందని పోగు దగ్గర గింజ ఉండదు. అక్కడ బోడిగా మిగులుతుంది.

పీచు బయటికి రావడానికి నీళ్ళు కావాలి. ఆ వేళ నేల పొడిబారితే పీచు ఆలస్యంగా వస్తుంది. జల్లు మాత్రం ఆగదు. పుప్పొడి కొన్ని రోజుల్లో రాలిపోతుంది. పీచు వచ్చేసరికి పుప్పొడి ఉండదు. కంకి మొదట్లోని పోగులు ముందు బయటికి వస్తాయి. కొనలోని పోగులు చివర వస్తాయి. అందుకే కొన ముందు బోడి అవుతుంది.

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో ఇద్దరు పరిశోధకులు దీన్ని కొలిచి చూశారు. 1953లో ఫలితం ప్రకటించారు. జల్లు తీసే వేళ ఒకటి రెండు రోజులు చేను వడలిపోతే, నూరు బస్తాలు రావలసిన చోట 22 బస్తాలు తగ్గాయి. ఆరు నుంచి ఎనిమిది రోజులు వడలిపోతే సగం పంట పోయింది. పీచు వేళ దాటిన తర్వాత ఎన్ని నీళ్ళు పెట్టినా, కట్టని గింజ మళ్ళీ కట్టదు.

కాబట్టి బోరులో నీళ్ళు తక్కువ ఉంటే ఈ వరుస గుర్తుంచుకోవాలి. జల్లు తీసి పీచు వేసే వేళ అన్నిటికన్నా ముఖ్యం. తర్వాత గింజ పాలు పోసుకునే వేళ. ఆ తర్వాత మోకాలెత్తు వేళ. నీళ్ళు మరీ చాలకపోతే సాలు విడిచి సాలుకు పెట్టవచ్చు. మరుసటి తడికి విడిచిన సాలుకు పెట్టాలి.

తడి ఎప్పుడు పెట్టాలో ఎలా తెలుస్తుంది? జానెడు లోతు నుంచి పిడికెడు మట్టి తీయండి. గట్టిగా పిసకండి. ముద్ద అయితే పదును ఉన్నట్టు. పొడిపొడిగా రాలితే తడి పెట్టాలి. మిట్టమధ్యాహ్నం ఆకు చుట్టుకుంటే అంత భయం లేదు. పొద్దున్నే ఆకు చుట్టుకుని ఉంటే మాత్రం ఆలస్యం చేయవద్దు. ఎర్ర చల్క నేల త్వరగా ఆరుతుంది. నల్లరేగడి నేల తేమను ఎక్కువ రోజులు పట్టి ఉంచుతుంది. పక్కవాళ్ళు పెట్టారని కాదు, మీ మట్టిని చూసి పెట్టండి.

రెండూ జంట ఎడ్లు

నీళ్ళు, నత్రజని కాడికి కట్టిన రెండు ఎడ్ల వంటివి. ఒకటి లాగి, ఒకటి ఆగితే బండి నడవదు.

నీళ్ళు ఉండి నత్రజని లేకపోతే మొక్క పాలిపోయి, సన్నగా పెరుగుతుంది. కంకి చిన్నదవుతుంది.

నత్రజని ఉండి నీళ్ళు లేకపోతే మొక్క ముందు గుబురుగా పెరుగుతుంది. పెద్ద ఆకులు నేలలోని తేమను త్వరగా తాగేస్తాయి. తీరా పీచు వేళకు తడి ఉండదు. పెట్టిన ఖర్చు కంకికి చేరదు.

నీళ్ళు మరీ ఎక్కువైతే నత్రజని వేరును దాటి కిందికి దిగిపోతుంది. ఆ మందు ఇక మొక్కకు అందదు.

యూరియా మరీ ఎక్కువైతే మొక్క మెత్తబడుతుంది. గాలికి పడిపోతుంది. పురుగులు, తెగుళ్ళు ఎక్కువవుతాయి. ఒక హద్దు దాటాక బస్తా పెంచినా గింజ పెరగదు. అప్పు మాత్రం పెరుగుతుంది.

యూరియాను ఎండిన నేల మీద పైపైన చల్లితే ఇంకో నష్టం ఉంది. ఎండకు అది ఘాటైన వాసన గల వాయువుగా మారి గాలిలో కలిసిపోతుంది. అందుకే నేలలో పదును ఉన్నప్పుడు వేయాలి. మొక్క మొదలుకు తగలకుండా, కొంచెం ఎడంగా, సాలు పక్కన వేయాలి. వెంటనే మట్టి కప్పాలి.

బస్తా మీద చదవండి, లెక్క వేయండి

యూరియా బస్తా మీద బరువు చూడండి. 2018 వరకు బస్తా 50 కిలోలు. ఆ ఏడాది నుంచి 45 కిలోలు. "వేప పూత" అని కూడా ఉంటుంది. 2015 నుంచి మన దేశంలో తయారయ్యే యూరియాకు వేప నూనె పూత వేస్తున్నారు. దానివల్ల నత్రజని నేలలో మెల్లగా మారుతుంది. త్వరగా వృథా కాదు.

ఇంకో అంకె చూడండి. నత్రజని 46 శాతం. అంటే 100 కిలోల యూరియాలో 46 కిలోల నత్రజని. 45 కిలోల బస్తాలో దాదాపు 21 కిలోలు.

యాసంగిలో నీటి కింద వేసే మక్కకు ఎకరాకు 80 నుంచి 96 కిలోల నత్రజని వేయమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. 80 కిలోలు వేయాలనుకుంటే లెక్క ఇలా ఉంటుంది.

అడుగు మందుగా ఒక డీఏపీ బస్తా, 50 కిలోలు. అందులో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం ఉంటాయి.
ఇంకా కావలసిన నత్రజని: 80 – 9 = 71 కిలోలు.
71 కిలోల నత్రజనికి కావలసిన యూరియా: సుమారు 155 కిలోలు. అంటే మూడున్నర బస్తాలు.

ఈ 155 కిలోలను మూడుసార్లు వేయాలి.

విత్తేటప్పుడు: 39 కిలోలు
మోకాలెత్తున, 30 నుంచి 35 రోజులకు: 58 కిలోలు
జల్లు తీసే ముందు, 50 నుంచి 55 రోజులకు: 58 కిలోలు

మూడుసార్లు ఎందుకు? చిన్నపిల్లకు ఒకేసారి కుండెడు అన్నం పెడితే తినలేదు. మొలకకు వేళ్ళు చిన్నవి. అది తీసుకునేది కొంచెమే. మిగిలింది నేలలో దిగిపోతుంది, గాలిలో పోతుంది. మోకాలెత్తు దాటాక మొక్క గబగబా పెరుగుతుంది. అప్పుడే దానికి ఆకలి ఎక్కువ.

ఎకరాకు 33 వేల మొక్కలు ఉంటే ఒక్కో మొక్కకు వచ్చే యూరియా 5 గ్రాములు కూడా ఉండదు. మూడుసార్లకూ కలిపి చిన్న చెంచాడంత. చేతికి వచ్చినంత చల్లేముందు ఈ చెంచాను గుర్తు చేసుకోండి.

నేల పరీక్ష చేయిస్తే లెక్క ఇంకా సరిగ్గా వస్తుంది. పశువుల ఎరువు వేసిన చేనుకు, పప్పుజాతి పంట తీసిన చేనుకు యూరియా ఎంత తగ్గించవచ్చో మీ ఊరి వ్యవసాయ విస్తరణ అధికారిని అడగండి. దుకాణంలో బస్తా మీద ముద్రించిన ధర చదవండి. రసీదు అడిగి తీసుకోండి.

తేదీలు రాసుకోండి

విత్తిన రోజు గోడ మీది క్యాలెండరులో గుర్తు పెట్టండి. అక్టోబరు 25న విత్తారనుకోండి.

రెండో వాటా యూరియా: నవంబరు 24 నుంచి 29 లోపు
మూడో వాటా యూరియా: డిసెంబరు 14 నుంచి 19 లోపు
నీళ్ళు తప్పక ఉండవలసిన వేళ: డిసెంబరు 19 నుంచి జల్లు, పీచు పూర్తయ్యే దాకా

చలి ఎక్కువైతే జల్లు కొంచెం ఆలస్యం కావచ్చు. రకాన్ని బట్టి కూడా మారుతుంది. కాబట్టి తేదీ చూసి చేనుకు పోండి. చేనులో మొక్కను చూసి పని చేయండి. పెళ్ళిళ్ళు, జాతరలు, ఊరి ప్రయాణాలు ఆ రోజుల్లో ఉంటే నీళ్ళు పెట్టే బాధ్యత ఎవరిదో ముందే మాట్లాడుకోండి. ఒక బోరు కింద ఇద్దరు ముగ్గురు ఉంటే వంతులు కాగితం మీద రాసుకోండి. పీచు వేసిన చేనుకు మొదటి వంతు ఇవ్వండి.

జాగ్రత్తలు

యూరియా బస్తాను పశువులకు అందకుండా పెట్టాలి. యూరియా కలిసిన నీళ్ళు తాగితే ఆవులు, బర్రెలు, మేకలు చనిపోతాయి. మందు కలిపిన బకెట్టు పశువుల కుడితికి వాడవద్దు. పశువు తాగిందని అనుమానం వస్తే వెంటనే పశువుల డాక్టరును పిలవాలి.

నీళ్ళు లేక వడలిపోయిన చేనులో, యూరియా ఎక్కువ పడి ఉంటే, పచ్చి చొప్పలో నైట్రేటు అనే విషం చేరవచ్చు. అలాంటి చొప్పను పశువుల డాక్టరును అడగకుండా వేయవద్దు.

మొక్కకు అందకుండా కిందికి దిగిన నత్రజని ఊరి బావుల్లో, బోర్లలో నైట్రేటుగా చేరుతుంది. తాగే నీళ్ళలో లీటరుకు 45 మిల్లీగ్రాముల నైట్రేటు మించకూడదని మన దేశంలో నియమం. మించితే ముఖ్యంగా పసిపిల్లలకు ప్రమాదం. అంటే చేనులో వృథా అయిన పిడికెడు యూరియా ఇంట్లోని బిందెలోకి రావచ్చు.

చదివి చర్చించండి

1. మక్కకు నత్రజని చాలకపోతే ఏ ఆకు ముందు పసుపు తిరుగుతుంది? ఎందుకు?
2. కంకి కొన బోడిగా ఉంటే దానికి ఏ కారణాలు ఉండవచ్చు?
3. నీళ్ళు నిలిచిన చేనులో యూరియా ఎందుకు చల్లకూడదు?
4. మీ బోరులో ఒక్క తడికే నీళ్ళు మిగిలాయి. ఆ తడి ఎప్పుడు పెడతారు?
5. మీ ఇంట్లో ఎరువు కొనే రోజు, వేసే రోజు ఎవరు నిర్ణయిస్తారు? ఆ మాటలో మీరు ఎలా పాల్గొనవచ్చు? సంఘంలో మాట్లాడుకోండి.

లెక్క వేయండి

1. ఎకరాకు 155 కిలోల యూరియా అయితే అర ఎకరానికి ఎంత? ఎన్ని బస్తాలు కొనాలి?
2. నవంబరు 5న విత్తారు. 30 రోజులు ఎప్పటికి నిండుతాయి? 55 రోజులు ఎప్పటికి నిండుతాయి?
3. మీ ఇంట్లో ఉన్న ఎరువు బస్తా చూడండి. దాని పేరు, బరువు, ధర, నత్రజని శాతం మీ నోటు పుస్తకంలో రాయండి.